ఎడమ సొరుగులో ఏముంది

మేడమీది కుట్టుగది నుంచి,
మార్చి 4

చెల్లికి,

దేవుడు రాయమన్నాడు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. నా అంతట నేనైతే రాసేదాన్ని కాదు. ఈ సంగతి మొదట్లోనే చెప్పేస్తే తర్వాత అపార్థాలకు తావుండదని ముందుగా రాశాను.

నేను బాగున్నాను. కుట్టుపని సాగుతోంది. కళ్ళజోడు మార్చాను, ఇప్పుడు రెండుసార్లు ప్రయత్నిస్తే సూదిలో దారం ఎక్కుతోంది. మీరూ బాగున్నారని తలుస్తాను. మరిదిని అడిగానని చెప్పు. పదకొండేళ్ళలో జరిగినవన్నీ రాయాలంటే కాగితం చాలదు, అయినా అందులో రాయాల్సినంత గొప్పవేమీ లేవు.

మా చర్చిలో బుధవారం స్త్రీల ప్రార్థనకి పన్నెండుమందిమి వస్తాం. దేవుడు నీకు ఉత్తరం రాయమని నాతో చెప్పిన సంగతి వాళ్ళందరికీ తెలుసు. రాశావా, ఇంకా రాయలేదా అని వారం వారం పట్టుకుని అడుగుతున్నారు. రాశానని చెప్పడానికి ఇది రాశాను. తర్వాత జవాబు వచ్చిందా అని అడుగుతారు. అందుకని జవాబు రాయి. రెండు వాక్యాలు చాలు. అక్షరాలు పెద్దవిగా రాయి, అందరికీ చదివి వినిపించాలి.

అమ్మ కుట్టుమిషన్ గురించి ఈ ఉత్తరంలో నేనేమీ ఎత్తలేదని నువ్వు గమనించాలి.

ఇట్లు,
మీ అక్క


రొట్టెల కొట్టు, పొయ్యి పక్క బల్ల మీద నుంచి,
మార్చి 15

గౌరవనీయులైన అక్కగారికి,

తమరి ఉత్తరం అందింది. కవరు మీద నీ చేతిరాత చూసి చేతిలో ఉన్న పిండిముద్ద కింద పడేశాను. నువ్వు పోయావని కబురేమో అని గుండె ఆగినంత పనైంది. పోయినవాళ్ళు తమ చేత్తో తాము కబురు రాసుకోరు కదా అని మీ మరిది అన్నాక కవరు చింపాను. ఆయన రోజుకి నాలుగు మాటలు మాట్లాడతాడు, అందులో ఇదొకటి.

అయితే దేవుడు నీతో మాట్లాడాడన్నమాట. చిన్నప్పుడు అమ్మ వంటింట్లోంచి పది కేకలు పెడితే పదకొండో కేకకి "ఆఁ" అనేదానివి. అలాంటిదాన్ని పట్టుకుని మాట్లాడాడంటే ఆయన ఓపికకి దండం పెట్టాలి. నాకు కొన్ని సందేహాలున్నాయి, తీర్చు. ఆయన గొంతు ఎలా ఉంది? మామూలుగా మనం మాట్లాడుకున్నట్టే మాట్లాడాడా, ప్రసంగంలోలా మాట్లాడాడా? "చెల్లికి ఉత్తరం రాయి" అని ఊరుకున్నాడా, "పదకొండేళ్ళ కిందట చేసిన నిర్వాకానికి సిగ్గుపడి చెల్లికి ఉత్తరం రాయి" అన్నాడా? రెండో సగం నీకు సరిగ్గా వినపడలేదేమో మళ్ళీ కనుక్కో.

ఇంకో మాట. నా అడ్రసు ఆయన దగ్గరా ఉండాలి. ప్రతి ఆదివారం నేనూ మా చర్చిలో మూడో వరసలో కూర్చుంటున్నాను. "మీ అక్క ఉత్తరం రాస్తుంది, పాపం కాస్త మెత్తగా మాట్లాడు" అని నాతో మాట వరసకైనా అనలేదు. అందుకని మెత్తగా మాట్లాడటం లేదు.

నువ్వడిగిన రెండు వాక్యాలు ఇవి: అక్క ఉత్తరం అందింది. మేం బాగున్నాం. అవే చదివి వినిపించు. తక్కినది మీ పన్నెండుమందికి అక్కర్లేదు.

మిషన్ గురించి నువ్వు ఎత్తలేదని గమనించాను. నేనూ ఎత్తడం లేదు. అది గోడ వారన ఉంది. రొట్టెల తట్టలు పెట్టుకోవడానికి సరిగ్గా సరిపోయింది.

చెల్లెలు


మేడమీది కుట్టుగది నుంచి,
మార్చి 29

చెల్లికి,

నీ ఉత్తరం బుధవారం చదివాను. నువ్వు చెప్పిన రెండు వాక్యాలే చదివి మడిచి సంచిలో పెట్టుకోబోయాను. మా నర్సమ్మ ఊరుకోలేదు. ఆవిడ ఆసుపత్రి ఉద్యోగం నుంచి రిటైరైంది, ఎవరి చేతిలో ఏ కాగితం ఉన్నా జ్వరం చీటీలా లాక్కుని చూడటం అలవాటు. "రెండు వాక్యాలకి రెండు కాగితాలు పట్టాయా" అంది. తక్కినదంతా కుటుంబ విషయాలని చెప్పాను. అందరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, దేవుడు లోతుగా పనిచేస్తున్నాడని చప్పట్లు కొట్టారు. నువ్వు రాసిన నిర్వాకం అనే మాట మీద నా బొటనవేలు పెట్టి అంతసేపూ అలాగే పట్టుకున్నాను.

ఈ నర్సమ్మతో దేవుడు రోజూ మాట్లాడతాడు. మొన్న బజారులో క్యాబేజీ మీద చెయ్యి వేస్తే వద్దన్నాడట. ఆ బుట్టలో క్యాబేజీ కొన్నవాళ్ళందరికీ పురుగులొచ్చాయట. ఆవిడ చెబుతుంటే మేమంతా వింటాం.

ఆయన గొంతు ఎలా ఉందని అడిగావు. అలాంటివి అడగకూడదు.

ఇక మిషన్. నేను ఎత్తనన్నాను, ఎత్తించింది నువ్వే. అమ్మ మిషన్ మీద రొట్టెల తట్టలా? ఆవిడ దాని మీద గ్లాసుడు మంచినీళ్ళు కూడా పెట్టనిచ్చేది కాదు. దాని ముందు కూర్చునే కదా మనిద్దరినీ పెంచింది. "ఇది నీదే పెద్దదానా" అని అమ్మ నాతో అంది. నా చెవులతో విన్నాను. నువ్వేమో గుమ్మానికి అడ్డంగా నిలబడి "నాతో ఏమీ చెప్పలేదే" అన్నావు. చెప్పి ఉండదులే, చివరి నెలంతా నీ దగ్గరే ఉంది కదా, చెప్పడానికి తీరిక దొరికి ఉండదు. దేవుడి మాట సంగతి నన్నడక్కు గాని అమ్మ మాట మాత్రం నేను పొరపాటుగా వినలేదు.

దీనికి జవాబు రాయనక్కర్లేదు. రాస్తే మాత్రం చదివి వినిపించడానికి పనికొచ్చే ముక్క ఒకటి అందులో వేయి.

మీ అక్క


రొట్టెల కొట్టు నుంచి,
ఏప్రిల్ 11

అక్కకి,

చదివి వినిపించే ముక్క: మా అక్క ఆరోగ్యం కోసం ప్రార్థించండి, కోపం మనిషికి మంచిది కాదు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు ఆ రోజు ఎలా వచ్చావో నేను మర్చిపోలేదు. అమ్మని మట్టిచేసి మూడో రోజు. పొయ్యి వెలిగించలేదు. మూడు రోజులుగా ఇంట్లో ఎవరం సరిగ్గా తినలేదు. కొట్టు తలుపు మూసి నేను పిండి బస్తా మీద కూర్చున్నాను. తలుపు చప్పుడైతే అక్క వచ్చిందని పరుగున వచ్చి తీశాను. నువ్వు తోపుడుబండి వెంటబెట్టుకుని వచ్చావు. గుమ్మంలో నిలబడి "మిషన్ ఎక్కడుంది" అన్నావు. తిన్నావా అని అడగలేదు. ఆ ఒక్క మాట అడిగి ఉంటే మిషన్‌తో పాటు కొట్టు తాళాలు కూడా ఇచ్చేసేదాన్ని. పదకొండేళ్ళ నుంచి ఈ మాట నీకు చెప్పాలని ఉంది. చెప్పేశాను. ఇప్పుడు నా ప్రాణానికి హాయిగా ఉంది.

సరే, నీకు దేవుడి మాటలు వినపడుతున్నాయి కాబట్టి ఒక పని చేద్దాం. ఆ మిషన్‌కి ఎడమ పక్క సొరుగు ఉంది కదా. అందులో ఏముందో ఆయన్ని అడిగి రాయి. ఆయనకి తెలియకుండా ఉండదు. సరిగ్గా చెప్పావంటే ఆ రోజే మిషన్ పంపిస్తాను, మారు మాట్లాడను. చెప్పలేకపోతే నీకు వినపడింది ఆయన గొంతు కాదు, నీ గొంతే అని ఒప్పుకో. బొత్తాలు, బాబిన్లు అని అడ్డగోలుగా రాస్తే చెల్లదు. కుట్టుపనివాళ్ళ సొరుగులో బొత్తాలుంటాయని చెప్పడానికి దేవుడు దిగిరానక్కర్లేదు.

చెల్లెలు

వదినగారికి నమస్కారం. కవరు అంటించమని నా చేతికిచ్చి లోపలికి వెళ్ళింది. మిషన్ మీద తట్టలేమీ లేవు. ప్రతి శనివారం తుడిచి నూనె వేస్తుంది. నన్ను కూడా ముట్టుకోనివ్వదు. నేను చెప్పానని చెప్పకండి. మీ మరిది.


మేడమీది కుట్టుగది నుంచి,
మే 9

చెల్లీ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లు చింపాను. కింద చెత్తబుట్ట నిండిపోయింది.

నీ పరీక్ష సంగతి ముందు చెబుతాను. నెల రోజులు ప్రయత్నించాను. పొద్దున్నే ఐదింటికి లేచి, కాగితం పెన్సిలు ముందు పెట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాను. సొరుగులో ఏముంది ప్రభువా అని అడిగి చెవులు రిక్కించాను. మొదటి రోజు నా మోకాలు టక్కుమంది. రెండో రోజు కింద వాటాలో కుళాయి కారింది. మూడో వారానికి వచ్చేసరికి సుద్దముక్క అని రాసి కొట్టేశాను, కత్తెర అని రాసి కొట్టేశాను. చివరికి నర్సమ్మకి చెప్పుకున్నాను. నీ బదులు నేనడుగుతానుండు అని ఇంటికెళ్ళి, మర్నాడు వచ్చి "చిన్నది, గుండ్రంగా ఉంటుంది" అంది. కుట్టుమిషన్ సొరుగులో చిన్నగా గుండ్రంగా లేనిదేమైనా ఉంటుందా, చెప్పు.

నాకు తెలియదు, చెల్లీ. సొరుగులో ఏముందో నాకు తెలియదు. ఆయన చెప్పలేదు. ఆయన ఇది చెప్పకపోవడమే కాదు, అదీ చెప్పలేదు. నీకు ఉత్తరం రాయమని దేవుడు నాతో ఎప్పుడూ అనలేదు. నేనే అల్లి చెప్పాను.

ఎలా జరిగిందో రాస్తాను. కొత్త సంవత్సరంలో మా పాస్టరమ్మ అందరికీ తలా ఒక నోటుపుస్తకం పంచింది. ఎడమ పేజీలో దేవుడు ఆ వారం మనతో ఏం చెప్పాడో రాయాలి. కుడి పేజీలో మనం ఏం చేశామో రాయాలి. బుధవారం గుండ్రంగా కూర్చుని ఎడమ పేజీ చదవాలి. ఆరు వారాలు నా ఎడమ పేజీ తెల్లగా ఉంది. అంతకుముందు ఈ పుస్తకాల గొడవ లేనప్పుడు, పక్కావిడ చెప్పిందే నాకూ చెప్పాడు అని నెట్టుకొచ్చాను. ఏడో వారం అలా కుదరలేదు, నా పక్కన నర్సమ్మ కూర్చుంది, ఆవిడకి చెప్పింది క్యాబేజీ గురించి. నా వంతు వచ్చింది. ఒళ్ళో స్కూలు చొక్కా కాలరు ఉంది, దానికి చేతికుట్టు వేస్తున్నాను. అందరూ నా వైపు చూస్తున్నారు. "మా చెల్లికి ఉత్తరం రాయమన్నాడు" అన్నాను.

పాస్టరమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పదకొండుమందీ లేచి వచ్చి నన్ను కావలించుకున్నారు. చేతిలో సూది ఉందని చెప్పినా వినలేదు. ఇద్దరికి గుచ్చుకుంది.

నవ్వుకో. నాకు మాత్రం నవ్వు రావడం లేదు. ఇన్నేళ్ళుగా అందరి గుమ్మాల్లో ఆగి నా గుమ్మం మాత్రం దాటి వెళ్ళిపోయే పోస్టుమాన్ని చూసినట్టే దేవుణ్ణి చూశాను. అందరికీ ఏదో ఒకటి చెబుతాడు, క్యాబేజీ సంగతి కూడా చెబుతాడు. నాతో ఒక్క ముక్క అనడు. ఆయనకి నేనంటే ఇష్టం లేదేమోనని నాకు భయం. ఉంటే ఇన్నేళ్ళలో ఒక్కసారైనా పేరు పెట్టి పిలవడా? ఈ మాట ఎవరితోనూ అనలేదు. నీతో అంటున్నాను, నువ్వైతే చప్పట్లు కొట్టవని.

ఒకటి మాత్రం నాకు అర్థం కాలేదు. ఆ రోజు నోటికొచ్చిన అబద్ధం ఏదైనా చెప్పి ఉండొచ్చు. అనాథలకి గౌన్లు కుట్టమన్నాడు అనొచ్చు, ఉపవాసం ఉండమన్నాడు అనొచ్చు. నీ పేరే ఎందుకొచ్చింది? నేనప్పుడు నీ గురించి అనుకోవడం కూడా లేదు, కాలరు గురించి అనుకుంటున్నాను.

తిన్నావా అని అడగలేదన్నావు. నిజమే, అడగలేదు. అమ్మ పోయిందని ఏడవడం చేతకాక మిషన్ కోసం పోట్లాడాను. ఈ మాట రాయడానికే నాలుగు కాగితాలు చిరిగాయి. తప్పు నాదే.

పందెం నువ్వు గెలిచావు. మిషన్ నీ దగ్గరే ఉండనీ. నిజం తెలిశాక నువ్విక రాయవని తెలుసు. ఎందుకో నువ్వు దానికి వారం వారం నూనె వేస్తూనే ఉన్నావని నాకు అనిపిస్తోంది. ఇది దేవుడు చెప్పింది కాదు, ఎవరు చెప్పారని అడక్కు.

అక్క


మేడమీది కుట్టుగది నుంచి,
జూన్ 27

పిడుగూ,

అమ్మ నిన్ను పిలిచే పేరు పెట్టి పిలిస్తే పలుకుతావేమోనని పిలిచాను. ఏడు వారాలైంది నీ జవాబు లేక. నా అబద్ధానికి ఇది తగిన శాస్తి అనుకో, ఇంకొకటి అనుకో, రోజూ పదకొండింటికి మేడ దిగి పోస్టు చూసి వస్తున్నాను. మోకాళ్ళు ప్రార్థనకన్నా ఈ మెట్లకే ఎక్కువ అరిగాయి.

ఈ బుధవారం అందరి ముందూ ఒప్పేసుకున్నాను. చెప్పాలా వద్దా అని రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఈ చర్చి తప్ప నాకు ఇంకెక్కడా నలుగురు మనుషులు లేరు, వాళ్ళు మొహం తిప్పుకుంటే నాకు ఈ గదీ, ఈ గౌన్లే మిగులుతాయి. అయినా పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని, "దేవుడు నాతో ఏమీ చెప్పలేదు, నేను కల్పించాను, ఇంతవరకూ ఆయన నాతో ఒక్క మాట కూడా అనలేదు" అని చెప్పేశాను.

నన్ను బయటికి పంపేస్తారనుకుని చెప్పులు ఎక్కడ విడిచానా అని చూసుకుంటున్నాను. అప్పుడు ఎదురుగా కూర్చునే ట్యూషన్ టీచరమ్మ, నాకూ ఐదు వారాలుగా ఏమీ లేదు, క్యాలెండరు మీద ఉన్న వాక్యం చూసి రాసుకొస్తున్నాను అంది. ఆ పక్కావిడ, నేను అదే క్యాలెండరులో మర్నాటి కాగితం చూసి రాస్తున్నాను అంది. ఒకరి తర్వాత ఒకరు మొదలుపెట్టారు. చివరికి నర్సమ్మ గొంతు సవరించుకుంది. ఆ బుట్టలో పురుగులు తను ముందే చూసిందట. దేవుడు చెప్పాడనడం మాత్రం తర్వాత కలిపిందట. "పురుగులు చూపించింది ఆయనే కదా" అని మా అందరి వైపూ దబాయించి చూసింది. పాస్టరమ్మ నవ్వుతుందో ఏడుస్తుందో తెలియలేదు. పుస్తకాలన్నీ వెనక్కి తీసుకుంది. తీసుకునేముందు తన పుస్తకం తెరిచి మాకు చూపించింది. దాన్లో కూడా మార్చి నెల నుంచి తెల్ల కాగితాలే.

ఆ రోజు ఇంటికొచ్చి మధ్యాహ్నం మొద్దులా నిద్రపోయాను. లేచి ఒక గౌను అంచు మడత వేస్తూ కూర్చున్నాను. ప్రార్థన చేయలేదు, కాగితం పెన్సిలు లేవు, చెవులు రిక్కించలేదు. ఇది రాయడం కష్టంగా ఉంది. ఏమీ వినపడలేదు. కానీ నేను ఒక్కదాన్నే లేననిపించింది. మనం బళ్ళోంచి వచ్చి పాఠాలు రాసుకుంటుంటే అమ్మ పక్కన కూర్చుని బొత్తాలు కుట్టేది చూడు, గంటల తరబడి నోరు విప్పేది కాదు. మనం తలెత్తి చూసేవాళ్ళం కూడా కాదు, ఉందని తెలుసు కాబట్టి. అచ్చం అలా ఉంది. ఆవిడ మాట్లాడటం లేదని మనమెప్పుడైనా బెంగపెట్టుకున్నామా? నన్ను ఆయన ఇష్టపడటం ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టలేదనీ, నేనే తలెత్తలేదనీ తోచింది. కళ్ళనీళ్ళు ఆగలేదు. గౌను తడిసింది. అది మర్నాటికి ఇవ్వాల్సినది, ఆరబెట్టి ఇస్త్రీ చేసి ఇచ్చాను.

ఇది కూడా కల్పించానంటావేమో. అనుకో. చదివి వినిపించడానికి రాయలేదు.

నువ్వు రాయకపోయినా నేను నెలకొకటి రాస్తాను. ఎవరూ రాయమనలేదు.

అక్క


రొట్టెల కొట్టు నుంచి,
జూలై 10

అక్కా,

నేను ఊరుకున్నది నీ అబద్ధానికి కాదు, నా అబద్ధానికి. నీది ఒక్క బుధవారంది. నాది పదకొండేళ్ళది.

ఆ సొరుగు పరీక్ష పెట్టాక నేనెంత అవస్థ పడ్డానో తెలుసా? నిజంగానే ఆయన నీకు చెప్పేస్తాడేమోనని నెల రోజులు భయపడి చచ్చాను. రెండుసార్లు పొయ్యిలో రొట్టెలు మాడ్చాను. పోస్టుమాన్ వస్తుంటే వెనక గదిలోకి వెళ్ళి దాక్కున్నాను, ఉత్తరం మీ మరిది తీసుకునేవాడు. అన్నట్టు నూనె సంగతి నీకెవరు చెప్పారో నాకు తెలుసు. అడిగితే రెండు రోజులు నా వైపు చూడకుండా పిండి కలిపాడు.

సొరుగులో ఉన్నది ఒక చీటీ. అమ్మ కుట్టిన ప్రతి బట్టకీ గుండుసూదితో ఒక చీటీ గుచ్చేది కదా, ఎవరిది, ఎవరు వచ్చి తీసుకెళ్తారు, ఎప్పటికి ఇవ్వాలి అని. అలాంటిదే. పోయే ముందు వారం మంచం మీద నుంచే రాసింది. "పెద్దదానిది. చిన్నది తీసుకెళ్ళి ఇస్తుంది" అని ఉంది. ఇవ్వాల్సిన తేదీ దగ్గర ఖాళీ వదిలేసింది. మనిద్దరి సంగతి ఆవిడకి బాగా తెలుసు.

రాసి ఊరుకోలేదు. నన్ను దగ్గరికి పిలిచి, "మిషన్ అక్కకి ఇవ్వు. బండి మీద పంపేయకు, నువ్వే తీసుకెళ్ళు. ఒక పూట దాని దగ్గర ఉండి రా" అంది. సరేనమ్మా అన్నాను. నా చెవులతో విన్నాను, నా నోటితో సరే అన్నాను. మూడో రోజు నువ్వు గుమ్మంలో నిలబడి మిషన్ ఎక్కడ అనేసరికి ఒళ్ళు మండింది. నాతో ఏమీ చెప్పలేదే అన్నాను. ఒకసారి అన్నాక ఇక వెనక్కి తీసుకోలేకపోయాను.

అందుకే శనివారం శనివారం నూనె వేశాను. ఇవ్వాల్సిన పని ఎగ్గొట్టి నూనె వేస్తే సరిపోతుందా? చర్చిలో ప్రేమ గురించి ప్రసంగం వచ్చినప్పుడల్లా పై కప్పు వైపు చూస్తూ కూర్చునేదాన్ని. దేవుడు నాతో మాట్లాడలేదని నేను అనలేను అక్కా. ఏళ్ళ తరబడి ఒకటే మాట, తీసుకెళ్ళి ఇవ్వు అని. నీకు వినపడకపోయినా నువ్వు రాశావు. నాకు వినపడుతూనే ఉంది, నేను కూర్చున్నాను. మనిద్దరిలో దేవుడి మాట విన్నది ఎవరో నువ్వే చెప్పు.

నాకేం చేతనయిందంటే బేరమాడటం. ప్రతి ఆదివారం మూడో వరసలో కూర్చుని, ముందు అక్క చేత ఒక్క ఉత్తరం రాయించు, తర్వాత నేను కదులుతాను, అంతకుముందు కదలను అని చెప్పేదాన్ని. పదకొండేళ్ళు ఇదే ప్రార్థన. కాలరు కుట్టుకుంటున్నదానివి నీ నోట్లో నా పేరు ఎందుకొచ్చిందో అర్థం కాలేదన్నావు. నాకు అర్థమైంది. కానీ చెప్పను, చెబితే మళ్ళీ ఎక్కడైనా నోటుపుస్తకం సంపాదించి ఎడమ పేజీలో రాసేస్తావు.

ఆయన నిన్ను దాటి వెళ్ళిపోయాడని ఏడ్చావు. ఆయన నా దగ్గర నుంచి నీకు దారి వేస్తుంటే మధ్యలో అడ్డంగా కూర్చున్నది నేను. క్షమించు. ఈ మాట నోటితో చెప్పాలి గాని కాగితం మీద సరిపోదు. అందుకని వస్తున్నాను.

మంగళవారం పొద్దున రొట్టెల వ్యానులో మిషన్ ఎక్కిస్తాం. పక్కన నేను కూర్చుంటాను. మీ మరిది నడుపుతాడు. ఒక పూట ఉండమంది అమ్మ, నాలుగు రోజులు ఉందామనుకుంటున్నాను, వడ్డీ కింద. చీటీ మిషన్ మీది గుడ్డకి గుచ్చి తెస్తున్నాను. గుండుసూది తుప్పు పట్టింది గాని మార్చలేదు, ఆవిడ ఆ చీటీకి గుచ్చిందని.

పిడుగు


మేడమీది కుట్టుగది నుంచి,
జూలై 13

పిడుగూ,

ఉత్తరం అందింది. మేడ మెట్ల మీదే కూర్చుని చదివాను. కింద వాటావాళ్ళు వచ్చి ఏమైందమ్మా అని అడిగారు. మా అమ్మ దగ్గర నుంచి చీటీ వచ్చింది అన్నాను. ఎండకి ఏమైనా అయిందేమోనని మజ్జిగ ఇచ్చారు.

ఈ ఉత్తరం నీకు సోమవారం అందుతుంది. అందుకే జాగ్రత్తలు మాత్రమే రాస్తున్నాను. మిషన్ తల విడిగా తీసి దుప్పట్లో చుట్టించు. సొరుగులు తాడుతో కట్టు. మేడ మెట్లు ఇరుకు, మోయడానికి ఇద్దరు కావాలి. ఒకరు మరిది, ఇంకొకరి సంగతి మా బుధవారంవాళ్ళకి చెబితే పదకొండుమందీ వస్తామంటున్నారు. నర్సమ్మ బరువు మోయదు గాని కింద నిలబడి ఎటు తిప్పాలో చెబుతుంది. ఆవిడ మాట వినకండి.

నీతో అందరికీ మాట్లాడాలని ఉందట. నిన్ను వాళ్ళు ఎరుగుదురు, ఐదు నెలలుగా నీ కోసం ప్రార్థిస్తున్నారు కదా. బుధవారం నువ్వూ రా. ఎవరూ ఏమీ చదవరు, ఊరికే కూర్చుంటాం.

ఇంకొక్క మాట. వ్యాను ఆగగానే మిషన్ దింపే హడావిడి పెట్టుకోవద్దు. దాన్ని కాసేపు అలా ఉండనీ. ముందు నువ్వు దిగు. పదకొండేళ్ళ కిందట అడగాల్సింది ఒకటి ఉంది, అది నేను గుమ్మంలోనే అడుగుతాను.

అందుకని దారిలో ఏమీ తినకుండా రా.

అక్క